న్యూజెర్సీ ఇంటి ముందు ముగో పైన్: కిటికీ కింద పెట్టొచ్చా, ఎప్పుడు కత్తిరించాలి?

న్యూజెర్సీలో బంకమట్టి నేల ఉన్న ఇంటి ముందు, కిటికీ కింద ముగో పైన్ (సూదుల్లాంటి ఆకులతో పొదలా పెరిగే పైన్ మొక్క) పెట్టొచ్చా, ఎప్పుడు కత్తిరించాలి అని మీరు అడిగారు. హైదరాబాద్‌లో అమ్మావాళ్లింట్లో కూడా పెంచొచ్చా అన్నారు, ముందు అది తేల్చేద్దాం. కుదరదు. దీనికి ఏటా నెలల తరబడి గట్టి చలి పడాలి. అక్కడికి మోర్‌పంఖి (థూజా) మొక్క చాలు.

ఇక కిటికీ సంగతి. కుండీ ట్యాగ్ మీద ‘పుమిలియో’ అనో, ఊరికే ‘డ్వార్ఫ్ ముగో’ అనో ఉంటే ఆ ‘డ్వార్ఫ్’ని నమ్మకండి. అవి చాలావరకు విత్తనం మొక్కలు, ఏ రెండూ ఒకేలా పెరగవు. ఒకటి నాలుగడుగుల దగ్గర ఆగితే పక్కది పదడుగుల వెడల్పు పరుచుకుంటుంది. దీని సొంత చోటైన ఆల్ప్స్, కార్పేథియన్ కొండల మీదా అంతే, పాకే పొద నుంచి మనిషిని మించిన ఎత్తు దాకా ఉంటాయి. కిటికీ కిందకైతే ‘మాప్స్’ లాంటి పేరున్న రకం కొనండి. ఖరీదెక్కువ, కానీ పదేళ్లకు సుమారు మూడడుగులే. అదైనా గోడకు మూడు నాలుగడుగులు ఎడంగా పెట్టండి.

చలికి భయం లేదు, మీ బంకమట్టిలో నిలిచే నీళ్లే దాన్ని చంపేది. గుంత వేరుముద్దకు రెండు మూడింతల వెడల్పు తవ్వండి. లోతు మాత్రం ముద్ద ఎత్తుకంటే ఒకటి రెండంగుళాలు తక్కువ. గుంతలో కంపోస్ట్ నింపితే చుట్టూ బంకమట్టి గోడలతో అది నీళ్లతొట్టి అవుతుంది, కాబట్టి తవ్విన మట్టినే పోయండి. ముద్ద చుట్టూ తిరిగిన వేళ్లను కత్తితో నిలువునా మూడు నాలుగు చోట్ల కోయాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు లాంటిది) కాండానికి తగలకుండా రెండంగుళాలు వేయండి. మొదటి రెండేళ్లు వాన పడని వారాల్లో వారానికోసారి లోతుగా తడపండి. ఎరువు అక్కర్లేదు.

కత్తిరింపుకి అదను ఏడాదికి ఒక్కసారే. వసంతం చివర కొమ్మ చివర్లలో లేత చిగుళ్లు నిలువుగా లేస్తాయి, కాండిల్స్ అంటారు. వాటి సూదులు విచ్చుకోకముందే చేతివేళ్లతో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు తుంచేయండి. తుంచిన చోటే వచ్చే ఏటి మొగ్గలు కడతాయి. ఆగస్టులో ల్యాండ్‌స్కేపింగ్ వాళ్లు బాక్స్‌వుడ్ పొదలతో పాటు దీన్నీ ట్రిమ్మర్‌తో గుండ్రంగా కోసేస్తుంటారు, ఆ పని ఒప్పుకోకండి. అప్పటికి మొగ్గలు కట్టే సమయం దాటిపోతుంది. ఇక సూదుల్లేని పాత కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు, ఆ బోసి అలాగే ఉండిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో గుంపుగా పాత సూదులు తినే పురుగులు సాఫ్లై (కందిరీగకు చుట్టమైన ఒక కీటకం) పిల్లలు. మొక్కల పురుగులకు మామూలుగా వాడే బీటీ మందు (బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు) చిమ్మట, సీతాకోకచిలుకల గొంగళిపురుగుల మీదే పనిచేస్తుంది, వీటి మీద దండగ. గ్లవుజులు వేసుకుని సబ్బునీళ్ల బకెట్లోకి దులిపేయండి. కాండిల్స్‌ని అవి సాధారణంగా ముట్టవు కాబట్టి మొక్క చావదు.

శరదృతువులో లోపలి పాత సూదులు పసుపెక్కి రాలితే కంగారు వద్దు, అది మామూలే. కొసల్లో కొత్త సూదులు పొట్టిగా ఉండగానే గోధుమరంగుకి తిరిగితే మాత్రం డిప్లోడియా అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. తడి లేని రోజు చూసి ఆ కొసలు కోసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్ట్‌లో వద్దు.