ఉప్పుటేరులో కలిసేది మురుగా, యూరియానా: నాచుతో తేల్చొచ్చు

అన్నా, కాకినాడ ఉప్పుటేరులో కలిసేది ఊరి మురుగా, పొలాల యూరియానా అని అడిగారు కదా. సీసా నీళ్లలో ఆ పూట సంగతే తెలుస్తుంది, పోటుకీ పాటుకీ అదీ మారిపోతుంది. నాచు అలా కాదు, రోజుల తరబడి పీల్చిన నత్రజనిని ఒంట్లో దాచుకుంటుంది. నత్రజనిలో తేలిక రకం, బరువైన రకం (నత్రజని-15) అని రెండుంటాయి; గాలిలో ఉన్నదానితో పోలిస్తే బరువైనది వెయ్యికి ఎంత ఎక్కువుందో చెప్పేదే నత్రజని-15 కొలత. యూరియా నత్రజని గాలిలోంచి తీసిందే కాబట్టి దాని కొలత సున్నా దగ్గరే ఉంటుంది. మురుగులో తేలికది అమ్మోనియాగా ఎగిరిపోయి బరువైనది మిగులుతుంది, కొలత చాలాసార్లు వెయ్యికి 10 దాకా, ఆపైనా వెళ్తుంది.

శుభ్రమైన చోట పచ్చ నాచు ఏరి, కొంత పోలికకి ఉంచి, మిగతాది వల సంచుల్లో కాలువ నోటి నుంచి సముద్రం వైపు వరసగా కర్రలకు కట్టండి. లోతుకి వద్దు, మన బురదనీళ్లలో ఎండ అందక చచ్చిపోతుంది. వరదల్లో అసలొద్దు. వారం పోయాక కడిగి, ఎండబెట్టి ఈ కొలత తీసే ఐసోటోప్ పరీక్షకివ్వండి. రొయ్యల చెరువుల నీళ్లూ కొలతను పెంచుతాయి, కాబట్టి వాటి తూము దగ్గర ఒక సంచి తప్పకుండా కట్టండి.