కొత్త జంటకు మీడ్ ఇస్తారా? అయితే మొదటి పెళ్లిరోజుకి ఇవ్వండి

మీవారితో లీడ్స్‌లో పనిచేసే ఇంగ్లిష్ అబ్బాయికి ఆగస్టులో పెళ్లి అన్నారు. పూర్వం కొత్త దంపతులకు నెలరోజులకు సరిపడా మీడ్, అంటే తేనెను పులియబెట్టి చేసే మద్యం, ఇచ్చేవాళ్లనీ హనీమూన్ అన్న మాట అలాగే పుట్టిందనీ ఎక్కడో చదివారు. ఇంట్లోనే చేసి ఇవ్వొచ్చా, మూడు నెలల్లో అవుతుందా అని మీ ప్రశ్న.

నేను న్యూకాసిల్‌లో ఉంటాను. మా ఎదురింటి అమ్మాయి పెళ్లికి అచ్చం ఇదే చేశాను కాబట్టి చెబుతున్నాను. తప్పకుండా ఇవ్వండి. కానీ పెళ్లినాడు తాగడానికి కాకుండా, మొదటి పెళ్లిరోజుకి తెరవమని ఇవ్వండి.

ముందు ఆ కథ సంగతి. హనీమూన్ అన్న మాట ఇంగ్లిషులో 1546లో జాన్ హేవుడ్ సామెతల పుస్తకంలో కనిపిస్తుంది. 1552లో హ్యూలోయెట్ అనే ఆయన తన నిఘంటువులో దానికి అర్థం కూడా రాశాడు: కొత్తగా పెళ్లయినవాళ్లు మొదట్లో ఒకరినొకరు విపరీతంగా ప్రేమించుకుంటారు, తర్వాత ఆ ప్రేమ తగ్గుతుంది అని. ఈ రెండుచోట్లా మీడ్ ఊసే లేదు. పెళ్లయ్యాక చేసే ప్రయాణాన్ని హనీమూన్ అనడం చాలా తర్వాత వచ్చింది. నెలంతా మీడ్ తాగితే పిల్లలు త్వరగా పుడతారని కూడా చెబుతుంటారు. దయచేసి ఆ మాట మీ కార్డు మీద రాయకండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మద్యం అసలు ముట్టకపోవడమే క్షేమమని బ్రిటన్ వైద్యాధికారుల 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అలాగని ఈ కానుకకు వెనక ఏమీ లేదనుకోకండి. పెళ్లిళ్లలో తేనె మద్యం తాగడం నిజంగా పాత సంగతే. ఇథియోపియాలో ఇప్పటికీ పెళ్లి విందులో తేజ్ పోస్తారు, అదీ తేనెతో చేసిందే. ఇక మీడ్ అన్న మాటా మన మధువూ ఒకే వేరు నుంచి వచ్చినవి. లిథువేనియా భాషలో తేనెను మెదుస్ అంటారు. ఇది తెలిసిన రోజు ఆ ఇంగ్లిష్ పెళ్లి నాకు కాస్త దగ్గరైనట్టు అనిపించింది.

ఇప్పుడు నా అనుభవం. పెళ్లికి పది వారాలుందనగా మొదలుపెట్టాను. సూపర్‌మార్కెట్ తేనె కిలోన్నర, నీళ్లతో కలిపి నాలుగున్నర లీటర్లు. మెట్ల కింద అరలో జాడీ పెట్టాను. అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. రెండోరోజు రాత్రి ఎయిర్‌లాక్‌లోంచి, అంటే లోపలి గ్యాస్‌ను బయటకు వదిలి బయటి గాలిని రానివ్వని జాడీ బిరడాలోంచి, బుడగలు రావడం విని, "ఏమిట్రా ఆ గుడగుడ, ఎసరేమైనా పెట్టి మర్చిపోయావా?" అంటూ వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూసి వచ్చింది.

పెళ్లినాటికి మీడ్ తేట తేరింది గానీ రుచి కుదరలేదు. గొంతులో మంట, దగ్గుమందులాంటి ఘాటు. అయినా మాట ఇచ్చాను కదా అని ఆరు సీసాలు ఇచ్చాను. పెళ్లివిందులో ఒక్కొక్కరూ ఒక గుటక తాగి, చాలా మర్యాదగా గ్లాసు పక్కన పెట్టడం చూశాను. ఆ రాత్రంతా మనసు చిన్నబోయింది. వాళ్ల ముఖ్యమైన రోజున, నా చేతులతో చేసినది అలా మిగిలిపోయింది.

ఏడాది తర్వాత ఆ అమ్మాయి తలుపు తట్టి, రెండు సీసాలు మిగిలాయి, మా పెళ్లిరోజు, రండి అని పిలిచింది. అదే మీడ్. మంట పోయింది, తేనె వాసన పైకి వచ్చింది. అప్పుడు అర్థమైంది నేను తొందరపడ్డది ఎక్కడో. పోలండ్‌లో మీడ్‌కి రాసి పెట్టుకున్న సంప్రదాయ నియమాలున్నాయి. ఒక వంతు తేనెకు మూడు వంతుల నీళ్లు పోసే పలుచని రకానికే తొమ్మిది నెలలు నిలవ ఉండాలి. ఒక వంతు తేనెకు అర వంతు నీళ్లే పోసే చిక్కటి రకానికైతే మూడేళ్లు. నేను పది వారాలిచ్చాను.

రెండోసారి ఇలా చేశాను, మీరూ ఇలాగే చేయండి. తేనె కిలోన్నరే, కానీ స్థానికంగా తేనెటీగలు పెంచే పెద్దాయన దగ్గర హెదర్ అనే కొండ పొద పూల తేనె కొన్నాను. సీసా తలకిందులు చేసినా కారదు, జున్నులా వణుకుతుంది. మూత తీస్తే తాటిబెల్లం పాకం వాసన అంది అమ్మ. తేనెను మరిగించకండి, వాసన పోతుంది. గోరువెచ్చని నీళ్లలో కరిగిస్తే చాలు. జాడీ, గొట్టం, గరిటె అన్నీ శానిటైజర్‌తో శుభ్రం చేయాలి, ఇందులో రాజీ వద్దు. తేనెను పులియబెట్టే ఈస్టుకు కావలసిన నత్రజని తేనెలో చాలా తక్కువ, అందుకే ఇంట్లో మద్యం చేసుకునే సామాను అమ్మే బ్రూయింగ్ షాపుల్లో దొరికే ఈస్ట్ న్యూట్రియెంట్, అంటే ఈస్టు ఆహారం, మొదటి కొద్దిరోజుల్లో విడతలుగా వేయాలి. నేను మొదటిసారి ఇది వేయలేదు, ఆ ఘాటుకు అదీ ఒక కారణం. డి-47 అనే వైన్ ఈస్టు వాడితే జాడీ 20 డిగ్రీలు దాటనివ్వకండి. ఎండాకాలంలో పైగదిలో పెట్టొద్దు.

ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఒకటి కొనండి. మొదట 1.100 దగ్గర చూపించి, 1.000కి దిగితే సుమారు 13 శాతం ఆల్కహాల్ అన్నమాట. బుడగలు ఆగాయి కదా అని సీసాల్లో పోయకండి. కొన్నిరోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, అంకె మారకపోతేనే పులియడం ఆగినట్టు. తర్వాత అడుగున మడ్డి కదలకుండా సన్నగొట్టంతో పై తేటను ఇంకో జాడీలోకి లాగి, నింపి, చీకట్లో వదిలేయండి. చివర్లో తీపి కోసం మళ్లీ తేనె కలపాలంటే ముందు ఈస్టు మళ్లీ పని చేయకుండా ఆపే పొటాషియం సార్బేట్, మెటాబైసల్ఫైట్ రెండూ వేయాలి. లేకపోతే సీసాలో మళ్లీ పులిసి పగిలే ప్రమాదం ఉంది. గాజు ముక్కలు కానుక కాకూడదు కదా.

నెలకు ఎంత కావాలని అడిగారు. ఇద్దరికీ రోజుకో చిన్న గ్లాసు, 150 మిల్లీలీటర్లు లెక్కేస్తే నెలకు తొమ్మిది లీటర్లు, అంటే ఇలాంటి జాడీలు రెండు. నాకైతే అంత అక్కర్లేదనిపిస్తుంది. ఆరు మంచి సీసాలు చాలు. ఇంట్లో చేసింది బ్రిటన్‌లో సొంతానికే, అమ్మకూడదు. ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లు మాత్రం ఇంట్లో చేయకండి, చాలా రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు ఒప్పుకోవు. పుణెలో మూన్‌షైన్ మీడరీ అని మీడ్ తయారుచేసే కంపెనీ ఉంది, కొనుక్కోవచ్చు.

ఆగస్టు పెళ్లికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలిగా? మీకు వీలైతే న్యూకాసిల్‌కి ఉత్తరాన ఉన్న హోలీ ఐలాండ్ అనే దీవికి వెళ్లి రండి, దాన్నే లిండిస్‌ఫార్న్ అనీ అంటారు. రోజుకు రెండుసార్లు సముద్రం దారిని ముంచేస్తుంది, ఆటుపోట్ల వేళలు చూసుకుని బయల్దేరండి. అక్కడ లిండిస్‌ఫార్న్ మీడ్ దొరుకుతుంది. అందులో ద్రాక్ష కూడా ఉంటుంది గానీ మీడ్ అలవాటు లేనివాళ్లకు తేలిగ్గా నచ్చుతుంది. సెయింట్ మేరీస్ చర్చి పక్కన పెటింగ్ స్టోన్ అని ఒక రాయి ఉంది. అక్కడ పెళ్లయిన అమ్మాయిని ఊరివాళ్లిద్దరు చెరో చెయ్యి పట్టుకుని దాని మీదుగా దాటిస్తారు, కాపురం బాగుంటుందని. ఆ సంగతి కార్డు మీద రాయండి, ఇది జనం నిజంగా పాటిస్తున్న ఆచారం.

ఇంకొక్కటి. ఆ ఇద్దరిలో ఎవరైనా మద్యం తాగరేమో కనుక్కోండి. మా ఎదురింటి అల్లుడు తాగడు, నాకు ఆలస్యంగా తెలిసింది. అమ్మ వెంటనే, "మనవాళ్లు పెళ్లికొడుక్కి కాళ్లు కడిగి మధుపర్కం ఇవ్వరూ? అదే ఇద్దాం" అంది. పెరుగు, తేనె, కాస్త నెయ్యి. మధుపర్కాలంటే ఇప్పుడు మనకు బట్టలే గుర్తొస్తాయి గానీ అసలు ఆ పేరు ఈ గిన్నెదే. వాళ్లింటికెళ్లి చిన్న వెండి గిన్నెలో కలిపి, అమ్మే స్వయంగా ఇచ్చింది. అతను చెంచాతో అడుగువరకూ తిని, ఇంకా ఉందా అని అడిగాడు.

మీ జాడీ ఈ వారమే మొదలుపెట్టండి. సీసా మీద వచ్చే ఏడాది ఆగస్టు తేదీ రాసి, పెళ్లినాడు ఆ ఖాళీ సీసా ఫోటో కార్డులో పెట్టి ఇవ్వండి. నిండిన సీసాతో మళ్లీ ఏడాదికి వాళ్లింటికి మీరే వెళ్లొచ్చు.