మొదటి సోలో రాప్ ఆల్బమ్ చేస్తున్న తమ్ముడికి

హైదరాబాద్

తమ్ముడూ,

నువ్వు పంపిన తొమ్మిది డెమోలూ రెండుసార్లు విన్నాను. ఒకసారి స్టూడియో స్పీకర్లలో, ఇంకోసారి సిటీ బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఫోన్లో మాట్లాడితే నువ్వు సగం మర్చిపోతావు, నేను మొహమాటంతో సగం మింగేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, ఆల్బమ్ చెయ్యి. గ్రూపులో మిగతా ఇద్దరూ ఏమనుకుంటారో అని మూడు నెలల నుంచి ఆగావు. వాళ్ళకి వేరేవాళ్ళ నోటి నుంచి తెలియకముందే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పు. ముగ్గురూ కలిసి రాసుకున్న లైన్లు ఈ తొమ్మిదింట్లో కొన్ని ఉన్నాయి, నేను గుర్తుపట్టాను. వాటిని అడిగి తీసుకో, లేదా తీసేసి కొత్తవి రాయి. స్నేహాలు పాటల దగ్గర తెగవు, అడగకుండా తీసుకున్న దగ్గర తెగుతాయి.

ఇక అసలు విషయం. నాలుగో డెమోలో రెండో చరణం విను. పదహారు బార్లు, ఎక్కడా ఊపిరి లేదు. నీ బీటు తొంభై బీపీఎం, నిమిషానికి తొంభై దెబ్బలు, బారుకి నాలుగు. అంటే ఒక బారు రెండున్నర సెకన్ల పైచిలుకు, పదహారు బార్లు దాదాపు 43 సెకన్లు. పదకొండో బారు దగ్గర నీ గొంతు సన్నబడింది, మాటల చివర్లు మింగుతున్నావు. ముక్కలుగా రికార్డు చేసి అతికించావని నాకు తెలుస్తోంది. స్టూడియోలో అతికించుకోవచ్చు, స్టేజి మీద ఏం చేస్తావు?

తప్పు నీ ఊపిరితిత్తులది కాదు. నాలుగేళ్ళు ముగ్గురు కలిసి పాడటానికి అలవాటు పడ్డావు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలు ఉంటారు. వాళ్ళు తందాన తాన అందుకోగానే ఆయన ఊపిరి తీసుకుంటాడు, తర్వాత ఏం చెప్పాలో మనసులో సర్దుకుంటాడు. గ్రూపులో నీకు ఆ ఇద్దరూ వంతలు. నీ లైను చివరి మాటని వాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ జాగా ఖాళీ అయింది. దాన్ని ఇంకొన్ని మాటలతో నింపాలని చూస్తున్నావు. నింపకు. ప్రతి నాలుగో బారు చివర ఒక బీటు ఖాళీగా వదిలెయ్యి. కాగితం మీద ఊపిరి తీసుకునే చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టుకో. ఆ గీత పెట్టడానికి చోటు లేని చరణం ఇంకా రాయడం పూర్తికాలేదనుకో. వినేవాడికి కూడా ఆ ఖాళీ కావాలి. నువ్వు చెప్పిన మాట లోపలికి దిగేది అప్పుడే.

ప్రాసల గురించి నీతో ఎన్నాళ్ళ నుంచో మాట్లాడాలనుకుంటున్నాను. నీ చరణాల్లో సగం లైన్లు "నడిచాను, అడిగాను, గెలిచాను, నిలిచాను" అని ముగుస్తున్నాయి. ఇంగ్లీషులో చివరి మాట కలపడానికి రాపర్ కష్టపడి వెతకాలి. మనకు ఆ కష్టం లేదు. తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది, "నేను"తో వచ్చే క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి. ఆ ప్రాస నువ్వు తెచ్చింది కాదు, వ్యాకరణం ఊరికే ఇచ్చింది. చెవికి అది రెండు లైన్లలోనే అలవాటైపోతుంది, మూడో లైనుకి ఎదురుచూడటం మానేస్తుంది.

మన పద్యాలు రాసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ళు చివరి అక్షరాన్ని నమ్ముకోలేదు. ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. బళ్ళో మార్కుల కోసం చదివి వదిలేశావు, ఇప్పుడు పనికొస్తుంది. ఉదాహరణకి చూడు, ఇది పాట కాదు, లెక్క చూపించడానికి రాస్తున్నా:

బొగ్గు మరక పోని గోళ్ళు
సిగ్గు పడని చేతి గీత
మొగ్గలోనే రాలిన నిద్ర
అగ్గి లాంటి పొద్దు పొడుపు

చివర్లు ఒక్కటీ కలవలేదు. అయినా నాలుగు లైన్లూ ఒక్క తాడు మీద ఉన్నాయి. గ్గు, గ్గ, గ్గి అన్న ఆ ఒత్తే దెబ్బ. దాన్ని స్నేర్ డ్రమ్ము పడే చోట కూర్చోబెట్టు, రెండో బీటు మీదో నాలుగో బీటు మీదో. మన భాష నిండా ఇలాంటి మాటలే. దెబ్బ, మట్టి, చెప్పు, పొద్దు, గడ్డ, కన్ను. ఒత్తక్షరం ముందున్న అక్షరం గురువు అవుతుందని చదివావు కదా, అంటే అక్కడ నాలుక కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. డ్రమ్ము మీద నాలుక నిలిస్తే అదే ఫ్లో.

చివర కూడా ప్రాస కావాలనుకుంటే మాటల వరస తిప్పు. మీ గోదావరిఖనిలో ఎవరైనా "మా బాపు వచ్చిండు సూడు" అనే బదులు "వచ్చిండు సూడు మా బాపు" అంటే తప్పా? మాట్లాడేటప్పుడు మనం రోజూ అలాగే తిప్పుతాం. అప్పుడు లైను చివర పేరు వస్తుంది, వస్తువు వస్తుంది, ఊరు వస్తుంది. వాటికి ప్రాస వెతకాలంటే కష్టపడాలి. ఆ కష్టమే వినేవాడికి వినపడుతుంది.

యాస సంగతి కూడా ఇక్కడే చెప్తాను. రెండో డెమోలో నువ్వు నువ్వు కాదు. టీవీ యాంకర్ తెలుగు, మధ్యలో ఎక్కడో అమెరికా వాడి గొంతు. నాతో టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. కోస్తావాళ్ళకి అర్థం కాదేమో అని భయపడకు. న్యూయార్క్ వీధి మాటలు మనకి సగం అర్థం కాకుండానే ఈ సంగీతాన్ని ప్రేమించాం కదా.

ఆ రెండో పాటలో "అండర్‌గ్రౌండ్" అన్న మాట నాలుగుసార్లు వాడావు, నిన్ను ఏ కంపెనీ కొనలేదని చెప్పుకోవడానికి. తమ్ముడూ, మీ ఇంట్లో ఆ మాటకి వేరే అర్థం ఉంది. మీ బాపు ముప్పై ఏళ్ళు అండర్‌గ్రౌండ్‌లోకి దిగారు. నెత్తి మీద క్యాప్ ల్యాంపు పెట్టుకుని, బొగ్గు బాయిలోకి. రాత్రి షిఫ్టు దిగి వచ్చాక ఆయన మొదట అడిగేది వేడినీళ్ళు కాదు, "పిల్లలు పండుకున్నరా" అని నువ్వే నాకు చెప్పావు. ఆ ఒక్క ముక్క ఈ తొమ్మిది పాటల్లో ఎక్కడా లేదు. దేశంలో అండర్‌గ్రౌండ్ రాపర్లమని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాటకి రెండు అర్థాలూ ఇంట్లోనే తెలిసినవాడివి నువ్వు. ఆల్బమ్ అంతా ఆ చుట్టూ కట్టు.

నీకు అమెరికా రాపర్ ఎంఎఫ్ డూమ్ అంటే ప్రాణమని తెలుసు, నీ గోడ మీద ఆ లోహపు ముసుగు బొమ్మ చూశాను. ఆయన కథని ఇంకోసారి నిదానంగా చూడు. 1991లో తమ్ముడితో కలిసి కేఎండీ గ్రూపుగా మొదటి ఆల్బమ్ తెచ్చాడు. 1993లో ఆ తమ్ముడు రోడ్డు దాటుతూ కారు గుద్ది చనిపోయాడు. మరుసటి ఏడాది, పూర్తయిన రెండో ఆల్బమ్‌ని కవరు బొమ్మ మీద గొడవతో కంపెనీ ఆపేసింది, గ్రూపునీ వదిలించుకుంది. తర్వాత కొన్నేళ్ళు ఆయన ఎక్కడా కనపడలేదు. తిరిగి వచ్చినప్పుడు న్యూయార్క్‌లో కవులు పాడే ఒక కెఫేలో, మొహానికి సన్నటి మేజోడు తొడుక్కుని మైకు పట్టుకున్నాడు. 1999లో "ఆపరేషన్ డూమ్స్‌డే" వచ్చింది, రేడియోలో పాటలు వేసే బొబిటో గార్సియా నడిపిన చిన్న లేబుల్ మీద. బీట్లు చాలావరకు ఆయనే చేసుకున్నాడు.

నువ్వు ఆయన నుంచి ముసుగు తీసుకున్నావు. నేనైతే ఆ మధ్య ఏళ్ళని తీసుకోమంటాను. గ్రూపులో ఉన్న కుర్రాడి గొంతునే ఆయన మళ్ళీ వాడలేదు. పేరు మారింది, మాట నెమ్మదించింది, పాటలో నిలబడే మనిషే మారిపోయాడు. నీకు అన్నేళ్ళు అక్కర్లేదు, ఆరు నెలలు చాలు. కానీ ఆ ఆరు నెలలు ఇవ్వు.

బీట్ల దగ్గర నాకు భయంగా ఉంది. తొమ్మిది పాటలకి తొమ్మిది మంది దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న బీట్లు. వాళ్ళు నీకు అమ్మింది లీజు మాత్రమే, అదే బీటు ఇంకో పదిమందికీ అమ్ముతారు. ఎన్ని స్ట్రీములు దాటితే మళ్ళీ డబ్బు కట్టాలో ఆ లైసెన్సులో రాసి ఉంటుంది, చదువు. అంతకన్నా ముఖ్యం, తొమ్మిది గదుల్లో తిరుగుతున్నట్టుంది కానీ ఒక ఇంట్లో ఉన్నట్టు లేదు. ఢిల్లీ తిలక్ నగర్ నుంచి ప్రభ్ దీప్ 2017లో పంజాబీలో తన మొదటి ఆల్బమ్ తెచ్చినప్పుడు సెజ్ అనే ఒకే బీట్‌మేకర్‌తో కూర్చుని చేశాడు. విను, ఆ వీధి గాలి మొదటి పాట నుంచి చివరిదాకా ఒకటే. నీకూ అలాంటి ఒక్కరు కావాలి. మీ గ్రూపు బీట్లు చేసే కుర్రాడు మంచివాడు, వాడినే అడుగు. వాడికి వాటా ఎంతో పాట మొదలుపెట్టిన రోజే కాగితం మీద రాసుకోండి.

ఆరో డెమోలో పాత సినిమా పాట ముక్క వేశావు. ఎంత బాగున్నా తీసెయ్యి. మూడు సెకన్లయితే పర్వాలేదన్న మాట నాకూ కుర్రతనంలో ఎవరో చెప్పారు. చట్టంలో అలాంటి లెక్క లేదు. ఆ ముక్కలో రెండు హక్కులుంటాయి, రికార్డింగుది ఒకటి, పాట రచనా బాణీలది ఇంకొకటి. అమెరికాలో కూడా 1991లో న్యూయార్క్ కోర్టు ఒక రాపర్ మీద తీర్పు ఇచ్చాక అడగకుండా పాట ముక్క తీసుకుని శాంపిల్ చేసే రోజులు పోయాయి. దాని బదులు మీ ఊరి నుంచి ఒక డప్పు కళాకారుణ్ణి పిలిపించు. ఆయన రాగానే డప్పుని మంట దగ్గర కాచుకోనివ్వు, చర్మం బిగిశాకే రికార్డు చేద్దాం. డప్పు కొట్టే రెండు పుల్లల్లో సిర్ర దెబ్బకి ఒక మైకు, చిటికెన పుల్లకి వెనక నుంచి ఒక మైకు పెడతాను. ఆయనకి డబ్బు ఆ రోజే చేతిలో పెట్టాలి, కవరు మీద పేరు వెయ్యాలి.

కాగితాల దగ్గర నా కథ చెప్పాలి, ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. 2007లో నేనూ ఒక సోలో ఆల్బమ్ చేశాను. ఎనిమిది పాటలు. ఒక ఆడియో కంపెనీ వాళ్ళు రెండు పేజీల కాగితం ఇస్తే సంతోషంలో అక్కడే నిలబడి సంతకం పెట్టాను. వాళ్ళు దాన్ని ఎప్పుడూ విడుదల చెయ్యలేదు. హక్కులు తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడకపోతే అవి వెనక్కి వస్తాయని మన కాపీరైటు చట్టంలో ఉంది, కానీ ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతేనే. నా కాగితంలో వేరేలా రాసి ఉంది. చదవలేదు. ఆ పాటల్లో ఒకటి మా అమ్మ మీద రాసింది. ఆమె వినకుండానే పోయింది.

అందుకని ఏ కాగితం వచ్చినా ఇంటికి తెచ్చుకుని చదువు, నాకూ చూపించు. ఎన్నేళ్ళకో రాసి ఉందా చూడు. రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్ళు. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే. ఇవి నీకు మేలు చేసే ఖాళీలు, అందుకే వాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని నింపుతారు. 2012 సవరణ తర్వాత రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రావాల్సిన రాయల్టీ వాటాని ఎవరూ రాయించుకుని తీసేసుకోలేరు. కానీ అది నీ దాకా రావాలంటే పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యుడిగా చేరాలి, ప్రతి పాటా అక్కడ నమోదు చెయ్యాలి. డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఆన్‌లైన్‌లో పాట ఎక్కించేటప్పుడు ఒక్కో రికార్డింగుని గుర్తించడానికి అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది, అవి ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో.

రికార్డింగు గురించి ఎక్కువ చెప్పను, అది నా పని. ఇంట్లో ట్రై చేసేటప్పుడు ఫ్యాను ఆపు, గోడలకి బొంతలు వేలాడదియ్యి, మైకుకి జానెడు దూరంలో కాస్త పక్కకి నిలబడు. నీ ప, భ గట్టిగా తగులుతాయి. మిక్సు బాగుందో లేదో ఖరీదైన స్పీకర్లలో కాదు, ఆటోలో వేయించి విను. సౌండు పెంచమని నన్ను పోరకు. స్పాటిఫై లాంటివి అందరి పాటల సౌండునీ దాదాపు ఒకే మట్టానికి, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలత దగ్గరికి తెచ్చేస్తాయి, అరిపించినందువల్ల పాట నలిగిపోవడం తప్ప లాభం లేదు.

తొమ్మిదిలో ఏడో ఎనిమిదో ఉంచు. ఏడోది, మీ పాత స్నేహితుణ్ణి తిట్టినది, తీసెయ్యి. ఆ కోపం నీలో ఇప్పటికే తగ్గింది, పాటలో మాత్రం ఎప్పటికీ ఉండిపోతుంది. ఆరోది శాంపిల్ లేకుండా నిలబడితే సరే, లేకపోతే అదీ వద్దు. మీ అమ్మ మీద రాసింది చివర దాచావు, దాన్ని మూడో పాట చెయ్యి. అక్కడిదాకా విన్నవాడు తర్వాత ఆపడు. అప్పు చేసి వీడియో తియ్యకు. ఆ డబ్బు డప్పు ఆయనకీ, మాస్టరింగుకీ పెట్టు.

ఈలోపు రెండో పాట మళ్ళీ రాయి. బాపుతో ఒక రోజంతా కూర్చో, బాయి గురించి అడుగు, ఫోన్లో రికార్డు చేసుకో, కానీ పాటలో ఆయన గొంతు వాడే ముందు అనుమతి అడుగు. గాలి లేని తెల్లవారుజామున ఇంటి మిద్దె మీద నుంచి మొదటి షిఫ్టు సైరన్ కూడా రికార్డు చేసి పట్టుకురా, మొదలు నుంచి చివరి దాకా, మధ్యలో మాట్లాడకుండా. వచ్చే నెల రెండో శనివారం రాత్రి పది తర్వాత స్టూడియో ఖాళీ. నాలుగో పాటతో మొదలుపెడదాం, ఊపిరి గీతలు పెట్టిన కాగితం తెచ్చుకో.

ఇట్లు
మీ అన్న