హైపర్‌సోనిక్ చదువు ఏ కాలేజీలో దొరుకుతుంది?

ప్రశ్న: మాది కావలి. గ్యాస్ వెల్డింగ్ షాపు నడుపుతాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. హైపర్‌సోనిక్ విమానాల చదువే చదువుతానని పట్టుబట్టింది. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఏరోస్పేస్‌లో సీటు ఇస్తామని, ఇప్పుడే అడ్వాన్సు కట్టమని అంటున్నారు. రెండు గంటల్లో అమెరికా చేర్చే విమానాలు వస్తున్నాయట, ఉద్యోగాలకు కొదవ ఉండదట. నమ్మవచ్చా?

జవాబు: ఆ రెండు గంటల అమెరికాను ముందు పక్కన పెట్టండి. ధ్వనికి రెండు రెట్ల వేగంతో ప్రయాణికులను మోసిన కాంకార్డ్ 1976లో మొదలై 2003లో ఆగిపోయింది. హైపర్‌సోనిక్ అంటే ధ్వనికి ఐదు రెట్లు, ఆపైన. ఆ వేగంతో పోయే ప్రయాణికుల విమానం ఇంతవరకూ ఎక్కడా లేదు. మన దేశంలో ఈ పని ప్రధానంగా ఇస్రో, డీఆర్‌డీవోలలో, కొన్ని ఐఐటీల్లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో సాగుతోంది. ఉద్యోగాలు ఉన్నాయి, కొద్దిగానే.

అలాగని అమ్మాయిని కసరకండి. 2016 ఆగస్టు 28న శ్రీహరికోటలో (జిల్లాల విభజనలో తిరుపతి వైపు పోయినా నెల్లూరు వాళ్లకు అది ఇంకా మనదే) ఇస్రో హైపర్‌సోనిక్ వేగాలకు పనికొచ్చే స్క్రామ్‌జెట్ అనే ఇంజిన్‌ను ధ్వనికి ఆరు రెట్ల వేగంలో మండించింది. మండింది సుమారు ఐదు సెకన్లు. అంతమాత్రానికే సంబరమా అని ఎవరైనా అడుగుతారేమో, మీరు అడగరు. టార్చిలో ఒత్తిడి మరీ పెంచితే మంట నాజిల్ కొనను వదిలి ఠప్పున ఆరిపోవడం మీరు రోజూ చూసేదే. స్క్రామ్‌జెట్‌దీ అదే చిక్కు. రాకెట్ తన ఆక్సిజన్‌ను తానే మోసుకుపోతుంది. స్క్రామ్‌జెట్ ఎదురొచ్చే గాలినే వాడుకుంటుంది, ఆ గాలి ఇంజిన్ లోపల కూడా ధ్వనిని మించిన వేగంతో దూసుకుపోతుంది. ఇంధనం అందులో కలిసి మండాలంటే దొరికేది సెకనులో వెయ్యో వంతు లెక్క. పైగా ధ్వనికి ఆరు రెట్ల వేగంలో విమానం ముక్కుకు కొట్టుకున్న గాలి దాదాపు 1500 డిగ్రీలకు కాగుతుంది. ఇనుము కరిగేది 1538 దగ్గర. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో ఇలాంటి ఇంజిన్ దహన గదిని వెయ్యి సెకన్లకు పైగా మండించగలిగింది. అయితే అది నేల మీద చేసిన పరీక్ష.

అంటే ఈ రంగమంతా మంట, వేడి, లోహం చుట్టూ తిరిగేదే. మెకానికల్‌లో, మెటలర్జీలో చదివేదీ అదే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో మద్రాసు ఐఐటీలోనో ఏరోస్పేస్ చేయవచ్చు. రాకపోతే ఈఏపీసెట్‌తో మంచి కాలేజీలో మెకానికల్ తీసుకుని, గేట్ రాసి, ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కు మారవచ్చు. నా ఓటు ఈ రెండో దారికే. ఇస్రో మెకానికల్ వారిని ఎలాగూ తీసుకుంటుంది. అక్కడ దొరక్కపోయినా ఆ డిగ్రీ బయట ఉద్యోగం చూపిస్తుంది. ఏదో ఒక కాలేజీలో చదివిన ఏరోస్పేస్ బీటెక్‌కు ఆ వెసులుబాటు తక్కువ.

ఇక ఆ ప్రైవేటు సీటు. అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి విండ్ టన్నెల్ (విమాన నమూనాల మీదికి గాలిని వేగంగా వదిలి పరీక్షించే గొట్టం లాంటి యంత్రం) చూపించమనండి. తాళం తీస్తే సరిపోదు, నడిపి చూపించాలి. ఒకసారి ఇలాగే ఒక విద్యార్థితో ఓ కాలేజీకి వెళ్లాను. తాళంచెవి కోసం ముప్పావుగంట వెతికారు. తీరా తలుపు తీస్తే టన్నెల్ మూతి ముందు విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆ అబ్బాయి నా వైపు చూశాడు. ఇద్దరం మాట్లాడకుండా బస్సెక్కాం.

జేఈఈ, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చేదాకా ఎవరికీ రూపాయి కట్టకండి. పరీక్షలు అయ్యాక సెలవుల్లో, కళ్లద్దాలు పెట్టించి, టార్చి ఒకసారి అమ్మాయి చేతికివ్వండి. ఏ ఒత్తిడి దగ్గర మంట కొనను వదులుతోందో నోట్‌బుక్‌లో రాసుకోమనండి.