కార్డు సరే, పవర్ సప్లై పడుతుందా?

ప్రశ్న: మాది కంపెనీ బిగించి ఇచ్చిన డెస్క్‌టాప్. పవర్ సప్లై 260 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల సప్లై కొని బిగిస్తే సరిపోతుందా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వాట్లకు ఢోకా లేదు. ఆ కార్డు తీసుకునేది 115 వాట్లే. చిక్కంతా ప్లగ్గులతోనే. పక్క మూత తీసి, మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్ పిన్నులు లెక్కపెట్టండి. 24 ఉంటే మామూలు ఏటీఎక్స్ (బజార్లో దొరికే ప్రామాణిక సైజు) సప్లై పనికొచ్చే అవకాశం ఎక్కువ. 6 లేదా 8 ఉంటే అది కంపెనీ సొంత అమరిక. సరిగ్గా మీ మోడల్‌కి చేసిన మార్పిడి కేబుల్ దొరికితేనే ముందుకెళ్లండి.

తర్వాత టేపు పట్టండి. ఏటీఎక్స్ సప్లై వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు. సన్నటి కేబినెట్లలో అది పట్టదు. కార్డు పొడవూ కొలవండి. హార్డ్‌డిస్క్ అర అడ్డొస్తుంది. ఈ కొలతలు, లోపలి ఫొటోలు ఫోన్‌లో ఉంచుకున్నాకే సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లండి.

మదర్‌బోర్డుపై కార్డు కూర్చునే స్లాటు ఇచ్చేది 75 వాట్లే. మిగతాది 8 పిన్నుల వైరుతో రావాలి. 6+2గా విడిపోయేది కార్డుది, 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది. దూరకపోతే బలవంతం చేయొద్దు. సాటా ప్లగ్గు (హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఇచ్చేది) నుంచి 8 పిన్నులకు మార్చే చవక వైరు జోలికి అసలు పోవద్దు: సాటా మోయగలిగేది 54 వాట్లు, కరిగిపోతుంది. పాత సప్లై కేబుళ్లు కొత్తదానికి తగిలించినా ముప్పే. ప్లగ్గు ఒకేలా ఉన్నా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు, ఎస్‌ఎస్‌డీ కాలిపోవచ్చు.

అంతా బిగించాక తెర నల్లగానే ఉందా? మానిటర్ కేబుల్ కొత్త కార్డుకు పెట్టకుండా ఇంకా మదర్‌బోర్డుకే ఉంచారేమో చూడండి.