మోచేతి దగ్గర నరం దెబ్బతింది.. ఏం తింటే బాగుపడుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఏడాదిగా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఆరు నెలల కిందట నరాల టెస్టు చేసి మోచేతి దగ్గర నరం దెబ్బతిందని, ఆపరేషన్ అవసరం కావచ్చని చెప్పారు. భయమేసి మళ్లీ వెళ్లలేదు. మెడికల్ షాపులో ఇచ్చిన నరాల మాత్రలు వాడుతున్నాను. తిమ్మిరి కాస్త తగ్గింది కానీ, ఈమధ్య చిన్న స్క్రూలు వేళ్ల మధ్య నిలవడం లేదు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడితే ఆ మోచేతికే నాటుకట్టు కట్టించారు. నరం త్వరగా కోలుకోవాలంటే ఎలాంటి ఆహారం తీసుకోవాలి?

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దాం. స్క్రూలు జారిపోతున్నాయని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నన్ను కంగారుపెట్టింది అదే. తిమ్మిరి ఒక్కటే ఉంటే కొన్నాళ్లు ఆగి చూస్తాం. పట్టు జారుతోందంటే మాత్రం కండరాలను ఆడించే పోగులు కూడా దెబ్బతింటున్నాయని అనుమానించాలి. తిమ్మిరి తగ్గడం మంచి గుర్తేనని కూడా అనుకోకండి. మాత్రలు దాన్ని కప్పిపెట్టి ఉండొచ్చు, లేదా వేళ్లు ఇంకా మొద్దుబారి ఉండొచ్చు.

ఇప్పుడే ఒక కాగితం తీసుకోండి. రెండు చేతుల బొటనవేళ్లతో చూపుడువేళ్ల పక్కకు నొక్కి పట్టుకుని, రెండువైపులా లాగండి. కుడి బొటనవేలి కొన ముందుకు వంగిపోతోందా? ఆ రెండు వేళ్ల మధ్య, చేతి వెనకవైపున ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ గుంట పడిందా? ఎడమ చేతితో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కనిపించకపోయినా వెళ్లాలి, కాకపోతే అంత హడావుడి అక్కర్లేదు.

మోచెయ్యి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది కదా, అది ఈ నరమే. పేరు అల్నార్. మోచేతి లోపలివైపు ఎముక వెనక సన్నటి గాడిలోంచి, దాదాపు చర్మం కిందే పోతుంది. చెయ్యి మడిచినప్పుడల్లా సాగి నలుగుతుంది. రోజంతా మోచేతులు బల్లకు ఆనించి పనిచేసే మీకు ఇది రావడంలో వింతేమీ లేదు.

కానీ మీ విషయంలో చిన్ననాటి దెబ్బనూ పట్టించుకోవాలి. పిల్లల్లో మోచేతి బయటివైపు ఎముక విరిగి సరిగా అతకకపోతే, ఎదిగేకొద్దీ ముంజెయ్యి బయటికి వంగుతుంది. దాంతో లోపలివైపున్న నరం ఏళ్ల తరబడి సాగి సాగి, పాతికేళ్ల తర్వాత కూడా మొరాయించవచ్చు. మీకూ అదే జరిగిందని ఉత్తరం చూసి చెప్పలేను. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించండి. అలాంటి వంకర ఉంటే మాత్రలతో, పథ్యంతో పోయేది కాదు. నరం మీద ఒత్తిడి తీసేయడమో, దాన్ని వెనకనుంచి ముందుకు మార్చడమో అవసరం కావచ్చు.

ఇక ఆ మాత్రలు. మొన్న ఒకాయన క్యారీబ్యాగ్ నిండా స్ట్రిప్పులు తెచ్చి టేబుల్ మీద గుమ్మరించారు. మూడు వేర్వేరు పేర్లు, మూడింట్లోనూ బి6 విటమిన్. మోతాదు మించి నెలల తరబడి వాడితే ఆ బి6 వల్లే నరాలు చెడిపోతాయి. కొన్నింట్లో ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు కలుస్తుంది, దాంతో మగతగా ఉంటుంది, బండి నడిపేవాళ్లకు ప్రమాదం. బి12 తక్కువున్నవాళ్లకు బి12 ఇస్తే మేలే, కానీ తక్కువుందని తెలియాలి కదా! ఇవేవీ గాడిలో నలిగే నరాన్ని బయటికి తీయలేవు. నరాల బలానికి ఒక మాత్ర ఇవ్వమంటే షాపువాడు ఇస్తాడు, వాడి తప్పేముంది? మీరు పోగొట్టుకున్నది ఆరు నెలలు.

ఆ ఆరు నెలల గురించి ఎందుకింత చెబుతున్నానంటే, పోగులు తెగిన నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి అరచేతి కండల దాకా దాదాపు అడుగు దూరం, అంటే పది నెలల పైమాటే. ఏడాదీ ఏడాదిన్నర నరం అందని కండ శుష్కించిపోతుంది, తర్వాత నరం చేరినా పెద్దగా లాభం ఉండకపోవచ్చు. కేవలం ఒత్తిడికి పైపొర దెబ్బతిన్నవాళ్లు వారాల్లో, నెలల్లో కోలుకుంటారు. మీరు ఏ కోవలో ఉన్నారో పరీక్ష మళ్లీ చేస్తే ఒక అంచనా వస్తుంది.

షుగర్, బి12, థైరాయిడ్ చూపించుకోండి. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలుంటే దాచకుండా చెప్పండి. కుష్ఠులోనూ ఈ నరమే తాడులా గట్టిపడుతుంది. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

ఈలోగా రాత్రి మోచేతికి తువ్వాలు వదులుగా చుట్టుకుని పడుకోండి, చెయ్యి పూర్తిగా మడత పడదు. బల్ల మీద మెత్త వేసుకోండి. మాలిష్‌లు వద్దు. సోల్డరింగ్ ఐరన్ దగ్గర మరీ జాగ్రత్త, మొద్దుబారిన వేలు కాలినా మీకు తెలియదు.

తిండి అడిగారు కదా, గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూరలు, ఇంట్లో తినేదే తినండి. చేతి సర్జన్‌నో ఆర్థోపెడిక్ డాక్టర్‌నో కలిసేటప్పుడు పాత టెస్టు రిపోర్టుతో పాటు ఇన్నాళ్లూ మింగిన మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, ఖాళీవైనా సరే.