రిమాండ్ శిక్ష కాదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండో పేజీలో ‘మేజిస్ట్రేట్ సైదులుకు 14 రోజుల రిమాండ్ శిక్ష విధించారు’ అన్న దగ్గర ఆగిపోయాను. కోపం తగ్గాక మిగతాది చదివాను. సైదులు భార్య పాత్ర బాగుంది. ఇక విషయానికొస్తాను.

రిమాండ్ అంటే దర్యాప్తు సాగుతుండగా నిందితుణ్ణి కస్టడీలో ఉంచమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. అప్పటికి నేరం రుజువు కాలేదు, విచారణే మొదలుకాలేదు. అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. దర్యాప్తు తేలలేదు, లోపల ఉంచాలి అని పోలీసులు రిమాండ్ రిపోర్టులో కారణాలు రాస్తారు. అవి సరిపోతాయో లేదో మేజిస్ట్రేట్ చూడాలి, సరిపోకపోతే ఆ రిపోర్టును తిప్పి పంపాలి. నీ మేజిస్ట్రేట్ తలెత్తకుండా సంతకం పెట్టేశాడు. అలాంటివి జరుగుతాయి, కాదనను. కానీ ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అలవాటుగా అరెస్టు చేయొద్దనీ, అలవాటుగా రిమాండ్ ఇవ్వొద్దనీ 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సైదులు మీదున్నది ఇంటి దొంగతనం కేసు. అంటే కథంతా ఆ సంతకం మీదే నిలబడాలి. నువ్వేమో అరలైనులో దాటేశావు.

తర్వాత ఆ 14 రోజులూ అతన్ని స్టేషన్ లాకప్‌లో పడేసి కొట్టించావు. జ్యుడీషియల్ కస్టడీ అంటే జైలయ్యా. అక్కడ పోలీసులు ప్రశ్నలు అడగాలన్నా కోర్టు అనుమతి కావాలి. మాకు అప్పగించండని విడిగా పిటిషన్ వేసుకుంటేనే పోలీస్ కస్టడీ, అదీ మొత్తమ్మీద 15 రోజులు దాటదు. 2024 జులైలో కొత్త చట్టం వచ్చాక దాన్ని విడతలుగా కూడా తీసుకోవచ్చు. దెబ్బలు చూపించాలనుకుంటే అరెస్టు కాగితం మీదికి ఎక్కకముందు రోజుల్లో పెట్టు, ఎవరూ కాదనరు. ఇక జైల్లో తొడిగిన తెల్ల యూనిఫాం శిక్ష పడ్డవాళ్లది. రిమాండ్ ఖైదీ సొంత బట్టల్లోనే ఉంటాడు.

‘రిమాండ్ శిక్ష’ నీకు ఎక్కడ అంటుకుందో తెలుసు. నేను కోర్టు వార్తలు రాసే రోజుల్లో ‘నిందితుడు’ అని పంపితే డెస్కులో ఒక మహానుభావుడు ‘దొంగ’ అని దిద్దేవాడు. హెడ్డింగులో ఇమడదట! కేసు కొట్టేస్తే మరో వార్త వేద్దాంలే అనేవాడు. వేసిన పాపాన పోలేదు. ఇంకో వారపత్రిక సంపాదకుడు నా కథ తిప్పి పంపుతూ, వాయిదాలు ఎవరు చదువుతారండీ, లాకప్ సీన్ పెట్టండి అన్నాడు. పెట్టలేదు. ఆ కథ ఇప్పటికీ అచ్చు కాలేదు.

నన్నడిగితే వాయిదాలే కథ. గడువు తీరిన రోజు పేరు పిలుస్తారు, ఇప్పుడైతే చాలాచోట్ల వీడియోలోనే, పొడిగిస్తారు, అయిపోతుంది. 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే సైదులుకు బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడగాలి. అడిగేలోపు ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. ఈ సంగతి అతనికి చెప్పేవాళ్లెవరు? బెయిలు వచ్చినా జామీనుదారులు, అంటే పూచీ పడేవాళ్లు, దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసుతో బిహార్ జైళ్ల నుంచి బయటపడ్డవాళ్లలో కొందరు, నేరం రుజువైనా శిక్షగా పడనన్ని ఏళ్లు లోపల గడిపారు. నేటికీ మన జైళ్లలో నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్లు ఎన్నికల్లో పోటీ చేయొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. ఇదేం లెక్కో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

సైదులు భార్య జామీను కోసం తిరగడం నాలుగు లైన్లలో ముగించావు. అక్కడ నాలుగు పేజీలు రాయి. పట్టా పాసుపుస్తకం ఉన్న ఏ బంధువు గడప తొక్కిందో, ఎవరు ఏ సాకు చెప్పి తప్పించుకున్నారో కనబడాలి. చివర్లో న్యాయవ్యవస్థ మీద ఉపన్యాసం తీసెయ్. రాసే ముందు ఏదైనా మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెనక బెంచీలో కూర్చో. నీలాంటివాణ్ణి ఎవరూ పొమ్మనరు. కలంపేరు, పోటీల సంగతి అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు తిరగరాసింది పంపు.

మీ అన్నయ్య